1957 ఎంజీఏ: ఇంజను దించాలి, బదులుగా ఏది ఎక్కించాలి?

అడిగినవారు: మండపేట మిల్లు

అందరికీ నమస్కారం. మా మిల్లు షెడ్డులో తాతగారి కారు ఒకటి ఉంది. 1957 నాటి ఎంజీఏ 1500, ఇంగ్లండు ఎంజీ కంపెనీ స్పోర్ట్స్ కారు, రెండు సీట్లు, గుడ్డ టాపు. అరవైల్లో మద్రాసులో ఒక తోటల దొర స్వదేశం వెళ్లిపోతుంటే కొన్నారట. 1996 నవంబరు తుఫానుకు షెడ్డు రేకులు లేచిపోయినప్పుడు కూడా దీని మీద టార్పాలిన్ కప్పి, చుట్టూ ఊక బస్తాలు పేర్చి కాపాడుకున్నారు. ఆయన పోయాక నాన్నగారు దాన్ని ముట్టుకోలేదు. ఈ మధ్యనే నేను మళ్లీ రోడ్డెక్కించాను. చాసిస్, బాడీ గట్టిగానే ఉన్నాయి. బాధంతా ఇంజనుతోనే.

మండపేటలో బయలుదేరి ఆలమూరు దాటేవరకు బుద్ధిగా నడుస్తుంది. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కేసరికి ఉష్ణోగ్రత సూది 212 దాటుతుంది. దీనిలో అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి కనుక అది నీళ్లు మరిగే వేడి. రావులపాలెంలో ఆపితే రేడియేటరు మూత దగ్గర ఆవిరి. వెనుక నీలం పొగ. వేడి మీద ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు ఆయిల్ ప్రెషరు 5కి పడిపోతుంది, నడుపుతుంటే 25 దాటదు.

మా ఊరి మెకానిక్ చూసి, ఈ ఇంజను పని అయిపోయింది, మార్చేయడమే అన్నాడు. నా ముందు రెండు దారులు ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో ఒక తుక్కు దుకాణంలో అంబాసిడర్ పెట్రోలు ఇంజను ఉంది, బాగా తిరుగుతుందని చెబుతున్నారు. మా బావ మాత్రం ఆ పాత గోల మళ్లీ ఎందుకు, మారుతి జిప్సీ ఇంజను వేయించుకో అంటున్నాడు. ఏది మేలు?

ఇంకో సందేహం. ఇంజను ఒక్కటే దించాలా, గేర్‌బాక్సుతో కలిపి దించాలా? మిల్లులో చైన్ బ్లాకు ఉంది. మనుషులకు కొదవ లేదు. ఈ రకం కారు మీద పని చేసినవాళ్లే లేరు.

—

జవాబు: కాకినాడ వేగం

మీ బావగారి మాట వినండి. జిప్సీ ఇంజను 1298 సీసీ, 2000 తర్వాత వచ్చినవాటిలో 16 వాల్వులు, ఫ్యూయల్ ఇంజెక్షన్, 80 గుర్రాల బలం. మీ ఎంజీఏ కొత్తగా ఉన్నప్పుడు కూడా 72 మించలేదు. పైగా జిప్సీలో ఇంజను నిలువుగా కూర్చుంటుంది, వెనుక చక్రాలకు షాఫ్టు వెళుతుంది, కాబట్టి అమరిక మీ కారుకు దగ్గరే. బరువు కూడా తక్కువ. సామాను ఎక్కడైనా దొరుకుతుంది. మౌంటింగులు వెల్డింగు చేయించి, షాఫ్టు పొడవు సరిచేయిస్తే అయిపోతుంది. ఉదయం తాళం తిప్పగానే స్టార్టవుతుంది. కార్బురెటర్లతో కుస్తీ పట్టే ఓపిక ఈ రోజుల్లో ఎవరికి ఉంది?

—

జవాబు: పాలకొల్లు పాత పానా

బాబూ మండపేట, మీ తాతగారు ఊక బస్తాలు పేర్చి కాపాడిన బండికి నువ్వు వెల్డింగు పెట్టే ముందు ఈ ముసలివాడి మాట నాలుగు నిమిషాలు చదువు. నేను పాలకొల్లు టాక్సీ స్టాండు పక్కన అంబాసిడర్లు బాగుచేస్తూ జుట్టు నెరిసినవాణ్ణి. ఇప్పుడు టాక్సీలు పోయాయి, రొయ్యల చెరువుల ఏరియేటర్లు, కాలువ గట్ల మీద డీజిల్ పంపులు బాగుచేస్తున్నాను. ఎంజీఏ కూడా ఒకటి దించి ఎక్కించాను. నరసాపురం వైపు ఒక ఆసామిది.

ముందు నీకు తెలియాల్సింది ఒకటి ఉంది. నీ ఎంజీఏలో ఉన్నదీ, పాత అంబాసిడర్‌లో ఉన్నదీ ఒకే ఇంటి బిడ్డలు. ఇంగ్లండులో బీఎంసీ కంపెనీ వాళ్ల బీ సిరీస్ ఇంజను అది. రెండూ 1489 సీసీ. బోరు, అంటే సిలిండరు వెడల్పు, 73.025 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 88.9. పిస్టన్లు తిప్పే క్రాంకు షాఫ్టుకు మూడు బేరింగులు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చులో హిందుస్థాన్ మోటార్స్ 1958లో అంబాసిడర్ మొదలుపెట్టింది. మొదట్లో దానికి పక్క వాల్వుల ఇంజను ఉండేది. 1959 నుంచి ఈ 1489 వచ్చింది. తర్వాత మూడు దశాబ్దాలు అదే తిరిగింది. అందుకే మన దేశంలో ఎంజీ కారు ఉన్నవాళ్లకు అంబాసిడర్ సామాను వరం.

వరమే కాని కళ్లు మూసుకుని తీసుకోకూడదు. అంబాసిడర్ పేరుతో తుక్కులో ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి. ఒకటి ఈ 1489 పెట్రోలు. రెండోది అదే 1489 సీసీ డీజిల్, బయటికి అన్నదమ్ముల్లా ఉంటాయి కాని నీకు పనికిరాదు. మూడోది తొంభైల్లో వచ్చిన ఇసుజు 1817 సీసీ పెట్రోలు. దానికీ నీ బండికీ చుట్టరికం లేదు. తాడేపల్లిగూడెం వెళ్లినప్పుడు సీసీ అడగడం, స్పార్కు ప్లగ్గులు ఉన్నాయో ఇంజెక్టర్లు ఉన్నాయో చూడడం తప్పనిసరి. “బాగా తిరుగుతుంది” అన్న మాటకు తుక్కు దుకాణంలో విలువ లేదు. అక్కడ గాలికి ఫ్యాను కూడా తిరుగుతుంది.

రెండో సంగతి. అంబాసిడర్ ఇంజను టాక్సీ కోసం పుట్టింది. కంప్రెషన్ (సిలిండరులో గాలిని నొక్కే నిష్పత్తి) తక్కువ, కార్బురెటరు ఒక్కటే, బలం యాభై చిల్లర గుర్రాలు. నీ ఎంజీఏకు కంప్రెషన్ 8.3, ఒకటిన్నర అంగుళాల ఎస్‌యూ కార్బురెటర్లు రెండు, క్యామ్ వేరు. అంబాసిడర్ ఇంజను ఉన్నది ఉన్నట్టుగా ఎక్కిస్తే నీ బండి నడుస్తుంది కాని స్పోర్ట్స్ కారు అనిపించుకోదు. కావలసింది దాని పొట్ట మాత్రమే: పిస్టన్లు, బేరింగులు, ఇంకా అవసరమైతే బ్లాకు, క్రాంకు. హెడ్డు, మానిఫోల్డు, కార్బురెటర్లు, క్యామ్, డిస్ట్రిబ్యూటరు నీవే ఉండాలి.

ఇక అసలు మాట. నీ ఇంజను పని అయిపోయిందని ఎవరు తేల్చారు, ఎలా తేల్చారు? గేజు పెట్టి సిలిండర్లలో కంప్రెషన్ ఒత్తిడి చూశారా? నువ్వు రాసినదాన్ని బట్టి నాకు ఒక అనుమానం ఉంది. ఈ గోదావరి పాయల మధ్య తిరిగిన ప్రతి బండికీ ఉన్న రోగం అది. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన, అందుకని అందరూ కాలువ నీళ్లు పోస్తారు. నీ కారు ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఎవరో ఒకరు పక్క కాలువలో బకెట్టు ముంచి రేడియేటరు నింపే ఉంటారు. వరద రోజుల్లో ఆ నీళ్ల రంగు నీకు తెలుసు. ఆ ఒండ్రు ఎక్కడికి పోతుంది? బ్లాకులో నీటి దారుల్లో, అందులోనూ వెనకాల నాలుగో సిలిండరు చుట్టూ దిగుతుంది. అక్కడ నీరు మందంగా కదులుతుంది. నరసాపురం బండి బ్లాకు పక్కన నీటి దారిని మూసే బిళ్ల, కోర్ ప్లగ్గు అంటారు, దాన్ని ఉలితో పొడిచి తీస్తే నీళ్లు రాలేదు. వేలు పెడితే మెత్తటి నల్ల మట్టి తగిలింది. తుప్పు కలిసి ఎర్రటి చారలు. సైకిలు పుల్ల ఒకటి కొన వంచి లోపల తిప్పుతుంటే ముద్దలు ముద్దలుగా ఊడివచ్చింది, ఒక చిన్న గిన్నె నిండింది. రేడియేటరు కడిగించి కడిగించి విసిగిపోయారు ఆ ఆసామి. రేడియేటరులో ఏమీ లేదు.

కాబట్టి ముందు చేయాల్సింది ఇది. ఇంజను వేడి చేసి ప్లగ్గులు నాలుగూ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి ఉంచి కంప్రెషన్ గేజుతో నాలుగు సిలిండర్లూ చూడు. తర్వాత ఒక్కో సిలిండరులో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మళ్లీ చూడు. ఆయిలు పోశాక అంకె పైకి లేస్తే రింగులు, బోరు అరిగాయని లెక్క. లేవకపోతే వాల్వులు. బ్లాకు వెనుక భాగంలో నీళ్లు వదిలే కుళాయి ఉంటుంది, అది విప్పు. నీళ్లు రాకపోతే తీగతో పొడువు. అప్పుడు ఏం వస్తుందో ఇక్కడ రాయి.

ఇంజను ఎలాగూ దించాల్సిందే, ఆయిల్ ప్రెషరు అంత పడిపోయాక బేరింగులు చూడక తప్పదు. కాని దించడం వేరు, మార్చేయడం వేరు. కాకినాడవారికి నా మీద కోపం రావచ్చు. జిప్సీ ఇంజను మంచిదే, నేనూ కాదనను. అది జిప్సీలో ఉంటేనే అందం.

దించే పద్ధతి రాత్రి రాస్తాను. చెరువు దగ్గర ఏరియేటరు ఆగిందట, పిలుస్తున్నారు. అది ఆగితే రొయ్య తెల్లారేవరకు ఉండదు.

—

జవాబు: భీమవరం కాగితాలు

ఇంజను గురించి నాకు తెలియదు, కాగితాల గురించి తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను.

మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. ఆర్‌సీలో రాసిన వివరాలకూ బండికీ తేడా వచ్చేలా మార్పు చేయకూడదని దాని సారం. ఇంజను మార్చితే ఇంజను నంబరు మారుతుంది. నంబరు మారితే రిజిస్ట్రేషన్ అధికారికి తెలిపి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. తుక్కులో కొన్న ఇంజనుకు బిల్లు, అది ఏ బండిదో తెలిపే కాగితం లేకపోతే అక్కడే చిక్కు. దొంగ బండి ఇంజను అయితే మీ కారు పోలీసు స్టేషను ఆవరణలో గడ్డి మొలిపిస్తుంది. జిప్సీది పెడితే సీసీ కూడా మారుతుంది. అది నంబరు మార్పుతో పోయే వ్యవహారం కాదు.

ఇంకొకటి. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. నంబరు పలక మీద వీఏ అక్షరాలు వస్తాయి. కొత్తగా తీసుకుంటే 20,000 రూపాయలు, 10 ఏళ్ల తర్వాత పొడిగింపుకు 5,000. అయితే బండి అసలు రూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. మీది 1957 బండి, వయసుకు ఢోకా లేదు. జిప్సీ ఇంజను పెట్టారా, ఆ తలుపు మూసుకున్నట్టే.

ఒక హెచ్చరిక కూడా. వింటేజ్ నంబరు తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, రిపేరుకు తప్ప రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. రావులపాలెం టిఫిన్‌కు వెళ్లాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషనే అయిదేళ్లకొకసారి పొడిగించుకుంటూ ఉండండి. తాతగారి పేరు మీదే ఉంటే వారసత్వ బదిలీ ముందు చేయించండి. ఇంజను సంగతి ఆ తర్వాత.

—

జవాబు: పాలకొల్లు పాత పానా

భీమవరంవారు మంచి మాట చెప్పారు. ఇంజనుకు కుడి పక్కన రివిట్ కొట్టిన చిన్న పలక మీద నంబరు ఉంటుంది. 15 జీబీ అనో 15 జీడీ అనో మొదలవ్వాలి. అలా ఉంటే ఆ బ్లాకు ఈ రకం కారుదే. ఆర్‌సీ ముందు పెట్టుకుని కలిపి చూడు. రెండింటికీ తేడా ఉంది: జీడీలో స్టార్టరు మోటారు కాస్త పైకి జరిగింది, దానికి తగ్గట్టు గేర్‌బాక్సు గూడు కూడా మారింది. అందుకే ఇంజను వెనుక పలకనూ గేర్‌బాక్సునూ విడదీసి వేరేవాటితో కలపకు.

ఇక దించే పద్ధతి. కలిపే దించు, ఇంజను, గేర్‌బాక్సు రెండూ. ఇంజను ఒక్కటే లాగితే, మళ్లీ ఎక్కించేటప్పుడు గేర్‌బాక్సు ముందు షాఫ్టు క్లచ్ ప్లేటు మధ్యలోకి దూరడం నరకం. ఆ బరువు షాఫ్టు మీద వేలాడితే ప్లేటు వంగుతుంది. కలిపి దించాలంటే సీట్లు, లోపలి చెక్క అడుగు పలకలు, గేర్‌బాక్సు మీది రేకు విప్పాలి. అవును, ఈ కారుకు అడుగున చెక్క. చెదలు పట్టి ఉంటే అప్పుడే తెలుస్తుంది.

మొదట బ్యాటరీ. ఈ కారుకు రెండు 6 వోల్టుల బ్యాటరీలు, సీట్ల వెనుక. బాడీకి పాజిటివ్ కలిపి ఉంటుంది. మన ఎలక్ట్రీషియన్లకు అది అలవాటు లేదు, తిరగేసి కలిపేస్తారు. ఎవర్నీ ముట్టుకోనివ్వకు. విప్పేముందు ఫోటో తీసుకో.

బానెట్టు అల్యూమినియం. గోడకు ఆనించి పెడితే ఎవడో ఒకడు తగులుకుంటాడు, సొట్ట పోదు. మెత్తటి గోనె పరిచి మేడ మీదికి పంపు. కీళ్ల చుట్టూ పెన్సిలుతో గీత గీసుకుంటే మళ్లీ పెట్టేటప్పుడు సందులు సరిపోతాయి.

ఇక్కడ చాలామంది చేతులు కాల్చుకునే చోటు ఒకటి ఉంది. ఉష్ణోగ్రత గేజు నుంచి హెడ్డు వరకు సన్నటి రాగి గొట్టం వస్తుంది. లోపల ఈథర్ ఉంటుంది. వైరు అనుకుని కత్తిరించినా, మడత పడేలా లాగినా గేజు చచ్చినట్టే. హెడ్డు దగ్గర నట్టు విప్పి, బల్బు మెల్లగా బయటికి లాగి, గొట్టం మొత్తం పెద్ద చుట్టగా చుట్టి డ్యాష్‌బోర్డు వైపు కట్టేయి. నట్టు రాకపోతే తుప్పు వదిలించే నూనెలో నానబెట్టిన గుడ్డ రాత్రంతా చుట్టి ఉంచు, పొద్దున మెత్తబడుతుంది. ఆయిల్ ప్రెషరు గొట్టం కూడా విప్పాలి, అందులో ఆయిలే ఉంటుంది, భయం లేదు. ఇంజను చుట్ల మీటరుకు కేబులు డైనమో వెనుక నుంచి వస్తుంది, దాన్ని విప్పడం మరచిపోయి లాగితే తెగుతుంది. అంబాసిడర్ డైనమో వేస్తే ఆ మీటరు పనిచేయదు, అందుకే నీదే బాగు చేయించుకో.

రేడియేటరు, కార్బురెటర్లు, డిస్ట్రిబ్యూటరు, స్టార్టరు ముందే తీసేయి. కార్బురెటర్లు మధ్యలో కడ్డీతో సహా ఒకటిగానే తియ్యి, విడదీయకు. క్లచ్ సిలిండరు గొట్టం విప్పకుండా, సిలిండరునే రెండు బోల్టులు విప్పి తీగతో పక్కకు కట్టు, గాలి తీసే పని తప్పుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి మీద పెయింటుతో ఒక గీత, స్పీడోమీటరు కేబులు, గేర్ లివరు. గేర్‌బాక్సులో ఆయిలు ముందే వదిలేయి. లేకపోతే ఇంజను ముందు వైపు పైకి లేచినప్పుడు తోక నుంచి ఆయిలంతా నేల మీదికి, నీ కాళ్ల మీదికి.

ఎక్కడ వేలాడదీస్తావు? మిల్లు షెడ్డులో ఉక్కు గడ్డర్ ఉంటే దానికి చైన్ బ్లాకు కట్టు. పెంకుటింటి దూలానికి కట్టే ఆలోచన పెట్టుకోకు. ఇంజను, గేర్‌బాక్సు కలిపి 200 కిలోలు దాటుతుంది, ఒక టన్ను చైను ఉంటే నిశ్చింత. గడ్డర్ లేకపోతే బోరు పంపులు దించడానికి వాడే మూడు కాళ్ల ఇనుప గొట్టాలు అద్దెకు తెచ్చుకో, కాని మట్టి నేల మీద పెట్టకు. మన నల్ల మట్టి తడిసిందంటే ఒక కాలు దిగి బరువు పక్కకు వాలుతుంది. ధాన్యం ఆరబెట్టే సిమెంటు కళ్లం ఉంటుంది కదా మిల్లులో, అక్కడ చెయ్యి.

కిందికి ఎవరూ దూరకూడదు. వెనుక చక్రాలకు రాళ్లు పెట్టొద్దు, ఎందుకంటే ఇంజను పైకి లేచాక కదలాల్సింది కారు. ఇంజను గాలిలో నిలిపి కారును వెనక్కి తోయి. ఇద్దరు తోక దగ్గర గేర్‌బాక్సు పట్టుకుని కొద్దికొద్దిగా వదలాలి, ముందు వైపు పైకి, తోక కిందికి. ఒకడు చైను లాగుతూ ఉండాలి, మాట చెప్పేవాడు ఒక్కడే ఉండాలి. పది మంది చెబితే చెయ్యి నలుగుతుంది.

—

జవాబు: రాజోలు గౌతమి

మా నాన్నగారూ నేనూ కలిసి స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు ఒకటి లేపాం, అందుకని ఒకటి రెండు మాటలు. తమ్ముడూ, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, కార్బురెటరు గాస్కెట్లు మెత్తబడి కారిపోతాయి. ఇంజను బయట ఉండగానే ట్యాంకు నుంచి కార్బురెటర్ల దాకా ఉన్న రబ్బరంతా మార్చేయండి. ఇంజను కూర్చున్నాక ఆ మూలల్లోకి చెయ్యి పోదు.

సీసం లేని పెట్రోలు సంగతి కూడా చూసుకోండి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం తీసేశారు. ఈ పాత హెడ్డులో ఎగ్జాస్టు వాల్వు కూర్చునే చోటు మామూలు పోత ఇనుము, సీసం లేకపోతే కాలక్రమంలో అరిగి లోపలికి దిగుతుంది. హెడ్డు ఎలాగూ లేత్‌కు వెళుతుంది కాబట్టి గట్టి సీట్లు వేయించండి. మేం రాజమండ్రిలో చేయించాం.

పాత పానా గారూ, గేజు గొట్టం గురించి మీరు ముందే రాసి ఉంటే మాది బతికేది!

—

అడిగినవారు: మండపేట మిల్లు

అందరికీ కృతజ్ఞతలు. బావ అలిగాడు. అది వేరే సంగతి.

పాత పానా గారూ, మీరు చెప్పినట్టే చేశాను. కంప్రెషన్ ఒకటో సిలిండరు 140, రెండు 135, మూడు 130, నాలుగు 95. ఆయిలు పోశాక మొదటి మూడూ కొద్దిగానే పెరిగాయి, నాలుగోది మాత్రం 125కి లేచింది. బ్లాకు వెనుక కుళాయి విప్పితే చుక్క రాలేదు. తీగ పెట్టి పొడిచాక కాఫీ రంగులో ముద్దగా బురద కారింది, తర్వాత నీళ్లు. మీ అనుమానం నిజమైంది.

ఇంజను నంబరు పలక మీద 15 జీబీ అని ఉంది. ఆర్‌సీతో కలిసింది. ఆర్‌సీ తాతగారి పేరునే ఉంది, భీమవరంవారు చెప్పిన బదిలీకి నాన్నగారు బయలుదేరారు.

కళ్లం మీదే చేద్దామనుకుంటున్నాం. రబీ ధాన్యం రాకముందే ఖాళీ చేయాలి. ఇప్పుడు అంబాసిడర్ ఇంజను కొనాలా, వద్దా?

—

జవాబు: పాలకొల్లు పాత పానా

నాలుగో సిలిండరు. చూశావా. ఒండ్రు చేరింది అక్కడే, వేడెక్కింది అక్కడే, గీతలు పడిందీ అక్కడే. మీ మెకానిక్ చెప్పినట్టు ఇంజను పని అయిపోలేదు, దాహంతో చస్తోంది.

కొను, కాని ఇంజనుగా కాదు, సామానుగా. బేరం చేసేటప్పుడు తుక్కు బరువుకు అడుగు. బిల్లు తీసుకో, భీమవరంవారు చెప్పినట్టు అది ఏ బండిదో కాగితం ఉంటేనే ఇంటికి తెచ్చుకో. నీ బ్లాకు, నీ నంబరు కదలవు.

దించాక పని ఇలా సాగాలి. ముందు కోర్ ప్లగ్గులన్నీ ఊడగొట్టి, బ్లాకును ఖాళీ చేసి, లోపల సైకిలు పుల్లతో, ప్రెషరు నీళ్లతో కడుగు. ఎర్ర నీళ్లు ఆగి తెల్ల నీళ్లు వచ్చేదాకా. కొత్త ప్లగ్గులు ఇత్తడివి వెయ్యి, మన ఉప్పు గాలికి ఇనుపవి ఆగవు. తర్వాత లేత్‌కు. బోరు గేజుతో నాలుగు సిలిండర్లూ పైన, మధ్యలో, కింద కొలిపించు. నువ్వు పక్కనే నిలబడు. నాలుగోది మాత్రమే లోతుగా గీతలు పడి మిగతావి బాగుంటే, అన్నీ కలిపి 20 థౌ, 30 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెద్ద సైజు బోరు కొట్టించి అంబాసిడర్ పెద్ద సైజు పిస్టన్లు వేయవచ్చు. కాని టాక్సీ పిస్టన్ల తల చూసుకో. తల ఆకారం మారితే కంప్రెషన్ పడిపోతుంది, నీకు కావలసింది 8.3. తల సరిపోకపోతే నాలుగు బోర్లకూ స్లీవులు (లోపల దిగగొట్టే కొత్త గొట్టాలు) వేయించి మళ్లీ మొదటి సైజుకు తెప్పించు, ఖర్చు ఎక్కువైనా బ్లాకు ఇంకో తరం బతుకుతుంది. నేనైతే రెండో దారే పడతాను. స్లీవులు వేయడానికి మన జిల్లాల్లో ట్రాక్టరు ఇంజన్లు చేసే లేత్ షాపులు చాలు, వాళ్లకు రోజూ అదే పని.

క్రాంకు కూడా కొలిపించు. ఆయిల్ ప్రెషరు 5కి పడిందంటే బేరింగులు అరిగి ఉంటాయి. గ్రైండింగు చేయిస్తే ఎంత తగ్గించారో అంతకు సరిపోయే బేరింగులు కావాలి, పాత బేరింగు షెల్లు చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లు. అంబాసిడర్ బేరింగు పెట్టె మీద అంకెలు చూసి కొనకు, పక్కపక్కన పెట్టి చూసి కొను. ఆయిల్ పంపు విప్పి లోపల తిరిగే రోటరు, మూత మధ్య సందు చూడాలి. రిలీఫ్ వాల్వు స్ప్రింగు కూడా. కొందరు ఆ స్ప్రింగు కింద వాషరు వేసి ప్రెషరు పెంచుతారు, గేజు సంతోషిస్తుంది, బేరింగు ఏడుస్తుంది.

క్లచ్ ప్లేటు, రిలీజు బేరింగు, క్రాంకు చివరన ఉండే చిన్న బుష్షు, ఇవన్నీ ఇప్పుడే మార్చు. ఆ బుష్షు ధర చాలా తక్కువ, దాని కోసం మళ్లీ ఇంజను దించాలంటే మాత్రం ఏడుపొస్తుంది.

ఎక్కించాక నీళ్లు. కాలువ నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు. కూలెంటు, బ్యాటరీ నీళ్లు (డిస్టిల్డ్ వాటరు) సగం సగం కలిపి పోయి. మీ మిల్లు కూలీలకు కూడా చెప్పు, లేకపోతే ఎవడో ఒకడు మర్యాదగా బకెట్టు ముంచి పోసేస్తాడు.

మొదటిసారి స్టార్టు చేసే ముందు ప్లగ్గులు తీసి స్టార్టరుతో తిప్పుతూ ఆయిల్ ప్రెషరు సూది లేచేదాకా చూడు. అప్పుడు ప్లగ్గులు బిగించు. వేడెక్కాక హెడ్డు నట్లు మళ్లీ ఒకసారి, తర్వాత వాల్వు సందు వేడి మీద 17 థౌ. అంబాసిడర్ అలవాటులో ఎవరైనా 15 పెట్టబోతే ఆపు. మొదట్లో మండపేట నుంచి ఆలమూరు, తిరిగి మండపేట, అంతే. జొన్నాడ వంతెన తర్వాత చూద్దాం.

ఒకటి ముందే చెబుతున్నాను. ఈ మూడు బేరింగుల బ్లాకు వెనుక నూనె ఆపడానికి రబ్బరు సీలు ఉండదు. క్రాంకు మీద ఉన్న మరచుట్టు నూనెను వెనక్కి తిప్పి పంపుతుంది, అంతే. బండి ఆపినప్పుడు కింద నాలుగు చుక్కలు పడతాయి. కొత్తగా ఉన్నప్పుడు కూడా పడేవి. దాన్ని చూసి ఎవరైనా మళ్లీ ఇంజను దించాలంటే, వాళ్ల చేతికి ఒక పళ్లెం ఇచ్చి కింద పెట్టమను.